ఒక అంకె, ఒక మాట, ఆరు వారాలు: వికీలో నా అనుభవం

మే 25, ఆదివారం సాయంత్రం. వాన పడి కరెంటు పోయింది, బెంగళూరు కుందలహళ్ళిలో ఇదేం కొత్త కాదు. నా రూమ్మేట్ అక్క ఉద్యోగం చేస్తూనే గ్రూప్స్‌కి చదువుతోంది, ఫోన్ వెలుగులో తెలుగు వికీపీడియా తెరిచి నోట్సు రాసుకుంటోంది. "జార్జ్ ఫ్లాయిడ్ అల్లర్లు, 2020 మే 25" అని పైకి చదివి "అరె, ఇవాళ్టికి సరిగ్గా ఐదేళ్ళు" అంది. నేను పక్కన బజ్జీలు తింటూ ఫోన్ లాక్కుని చూశా. నాలుగంటే నాలుగు లైన్లు. అమెరికాలో మినియాపాలిస్ అనే ఊళ్ళో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి మెడ మీద మోకాలు పెట్టి చంపాడు, దాని మీద దేశమంతా జనం రోడ్డెక్కారు, దాని గురించిన వ్యాసం అది. మోకాలు పెట్టి ఉంచింది 8 నిమిషాల 46 సెకన్లు అని ఉంది. అది మొదట్లో బయటికొచ్చిన లెక్క, 2021 మార్చిలో కోర్టులో విచారణ మొదలైనప్పుడు ప్రాసిక్యూషన్ వాళ్ళే 9 నిమిషాల 29 సెకన్లు అని చెప్పారు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు కదా, ఆ విచారణ రాత్రిళ్ళు కూర్చుని చూశా కాబట్టి నాకు గుర్తుంది. 2020లో ఎవరో రాసి వదిలేసుంటారు, అంతే.

"ఇది పాతదక్కా" అన్నా. "అయితే దిద్దు, పైన సవరించు అని ఉందిగా" అంది. అదీ మొదలు. ఇలాంటి గొడవున్న విషయం మీద వికీలో చెయ్యి పెడితే నిజంగా ఏమవుతుందో ఎవరూ చెప్పరు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

ఆఫీసు లాప్‌టాప్‌లో తెరిచి సవరించు నొక్కితే, ఈ ఐపీ అడ్రసు మీద నిరోధం ఉంది అని వచ్చింది. నేనేం పాపం చేశానా అని కంగారు పడ్డా. అరగంటకి వెలిగింది, ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉంది. వీపీఎన్‌ల వెనక దాక్కుని చెత్త రాసేవాళ్ళు ఎక్కువని వాటిని మూకుమ్మడిగా ఆపేస్తారట. అది తీసేసి ఫోన్ హాట్‌స్పాట్ పెడితే సరిపోయింది. ఖాతాకి పేరు అడిగింది. సొంత పేరు పెట్టొద్దు, ఇలాంటి విషయాల్లో ఎవడో ఒకడు వెతుక్కుంటూ వస్తాడు అంది అక్క. ఆ క్షణానికి ఏం తోచక "మదనపల్లె టమాటా" అని కొట్టేశా, మా ఊరు కదా. తర్వాత ఆరు వారాలు పెద్ద పెద్దవాళ్ళు "మదనపల్లె టమాటా గారూ, మీ వాక్యం తటస్థంగా లేదు" అని రాస్తుంటే సిగ్గుతో చచ్చా. పేరు కాస్త ఆలోచించి పెట్టుకోండి.

అంకె మార్చి ప్రచురించు నొక్కితే పది సెకన్లలో అయిపోయింది, ఎవరూ పర్మిషన్ అడగలా. ఆ ఊపులో అమ్మకి ఫోన్ చేసి చెప్పా. "దానికి ఎంతిస్తారే?" అంది. ఏమీ ఇవ్వరమ్మా అంటే కాసేపు మాట్లాడలా.

సోమవారం పొద్దున బస్సులో చూస్తే పాత అంకె తిరిగొచ్చి కూర్చుంది! చరిత్ర అని ఒక ట్యాబ్ ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంటుంది. నా మార్పు పైన "రద్దు చేశాను, మూలం లేదు" అని ఉంది. నా చర్చ పేజీలో అదే మనిషి పెట్టిన స్వాగతం మూస (రెడీమేడ్ సందేశం), పూలబొమ్మతో. స్వాగతం చెప్పి మరీ కొట్టేశారన్నమాట. ఒళ్ళు మండింది గానీ, ఆలోచిస్తే నాకు గుర్తుంది అన్నది మూలం కాదు కదా.

ఆ రాత్రి ఒక వార్త లింకు తెచ్చి పెట్టా. కొత్త ఖాతాతో బయటి లింకు పెడితే క్యాప్చా అడుగుతుంది, వంకర ఇంగ్లీషు అక్షరాలు చూసి కొట్టాలి. కొట్టా, తప్పంది. మళ్ళీ కొట్టా, తప్పంది. మూడోసారి అక్క వెనకనుంచి తొంగిచూసి పగలబడి నవ్వింది, ఆ పెట్టెలో నేను ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతోంది. వికీలోనే తెలుగు టైపింగ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉండిపోయింది. కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే ఆగిపోతుంది. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పుంటే నాకు ముప్పావుగంట మిగిలేది.

మే 27కి అంకె నిలబడింది. అక్కడితో ఆపుంటే ఈ కథ లేదు. నాలుగు లైన్ల వ్యాసం, పైన శీర్షికలో అల్లర్లు అనే మాట, చూస్తుంటే చెయ్యి ఊరుకోలా. ఇంగ్లీషులో ఇలాంటి గొడవ వ్యాసాలకి చాలావాటికి తాళం ఉంటుంది, కనీసం 4 రోజుల ఖాతా, 10 మార్పులు ఉంటేగానీ ముట్టుకోనివ్వదు. ఇక్కడ ఆ తాళం లేదు. మొత్తం వ్యాసం నేనే రాస్తా అనుకున్నా, వారంలో అయిపోతుంది అనుకున్నా!

మొదట అనువాదం చేసే పరికరం పట్టుకున్నా. ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క యంత్రం చేసిన తెలుగు. నిరసనకారులు మోకాలి మీద కూర్చున్నారు అనాల్సిన చోట "మోకాలు తీసుకున్నారు" అని వచ్చింది. నిరసనలు "మెరిశాయి" అని ఇంకోచోట. మే 28 రాత్రి మినియాపాలిస్‌లో తగలబడిన థర్డ్ ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్ కాస్తా "మూడవ ఆవరణ" అయిపోయింది, చదివితే ఏదో గుళ్ళో ప్రాకారం అనుకుంటారు. నాలుగు రోజులు వాటిని సరిచేసి ప్రచురించు నొక్కితే, యంత్రం మాటలు ఇంకా ఎక్కువున్నాయి, ప్రచురించలేను అని అదే మొండికేసింది. అప్పుడు తిట్టుకున్నా గానీ అదే మంచిదైంది. తీసి పక్కనపెట్టి నా మాటల్లో మొదలుపెట్టా. ఎస్పీ రోడ్డుకెళ్ళి 700 పెట్టి కీబోర్డు కూడా కొన్నా, లాప్‌టాప్ మీద ఒత్తు కీ పనిచేయక "అట్లాంటా" కాస్తా "అటలాంటా" అవుతోంది.

రోజూ రాత్రి పదిన్నర నుంచి పన్నెండున్నర. 2013లో ట్రేవాన్ మార్టిన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపిన కేసులో నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేసినప్పుడు బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమం మొదలవడం దగ్గర్నుంచి, 2020 ఫిబ్రవరిలో జార్జియాలో జాగింగ్‌కి వెళ్ళిన నల్లజాతి యువకుడు అహ్మద్ ఆర్బరీని తెల్లవాళ్ళు వెంటాడి కాల్చడం, మార్చిలో లూయీవిల్‌లో సొంత ఇంట్లో ఉన్న బ్రియానా టేలర్‌ని పోలీసులు కాల్చడం, ఇవన్నీ రాశాక గానీ మే 25 దగ్గరికి రాలేం. అది రాయడానికి వీడియో మళ్ళీ చూడాల్సొచ్చింది. 17 ఏళ్ళ డార్నెల్లా ఫ్రేజియర్ ఫోన్‌లో తీసింది, ఆ అమ్మాయికి తర్వాత 2021లో పులిట్జర్ పత్రికా అవార్డుల వాళ్ళు ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. నేను సౌండ్ తీసేసి చూద్దామనుకున్నా, కానీ మాటలు రాయాలి కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా. ఫ్లాయిడ్ అమ్మని పిలుస్తాడు. నాలుగో నిమిషానికి ఆపేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డా, కింద పానీపూరీ బండి వాడు గిన్నెలు కడుక్కుంటున్నాడు, చాలాసేపు అదే చూశా. ఆ రాత్రి ఒక్క ముక్క రాయలా. ఇలాంటి విషయం మీద రాద్దామనుకునేవాళ్ళకి చెప్తున్నా, పడుకునే ముందు చూడకండి, ఆదివారం పగలు పెట్టుకోండి.

జూన్ 8, ఆదివారం. పెద్ద వ్యాసం ప్రచురించా. పేరు కూడా "అల్లర్లు" తీసి "నిరసనలు" అని తరలించేశా, అడక్కుండా. రాత్రి గర్వంగా పడుకున్నా.

తొమ్మిదో తారీకు పొద్దున ఫోన్‌లో గంట గుర్తు మీద 14 అని ఉంది. పేరు వెనక్కి మార్చేశారు, "చర్చించకుండా తరలించవద్దు" అని. నేను ఎక్కించిన ఫొటో తీసేశారు (నెట్‌లో దొరికిన వార్తాసంస్థ ఫొటో ఎక్కించా, కాపీరైట్ ఉంటుందన్న ఇంగితం లేదు, అది పూర్తిగా నా తప్పు). వాషింగ్టన్‌లో వైట్ హౌస్ దగ్గర రోడ్డు మీద పసుపు రంగుతో రాసిన బ్లాక్ లైవ్స్ మ్యాటర్ అక్షరాలు "ఉన్నాయి" అని రాస్తే, ఎవరో "ఉండేవి, 2025 మార్చిలో తొలగించారు" అని దిద్దారు. ఇక అసలైన దెబ్బ: ఎంతమంది పాల్గొన్నారన్న చోట నేను 15 నుంచి 26 కోట్లు అని రాశా. దాని కింద చర్చ పేజీలో ఒకాయన ప్రశ్న, "టమాటా గారూ, అమెరికా జనాభాయే 33 కోట్లు, పసిపిల్లలతో సహా రోడ్డెక్కారా?" నాలుక కరుచుకున్నా. సర్వేలని బట్టి న్యూయార్క్ టైమ్స్ వేసిన లెక్క 15 నుంచి 26 మిలియన్లు, అంటే కోటిన్నర నుంచి రెండు కోట్ల అరవై లక్షలు. మిలియన్‌ని కోటి చేసేశా. మిలియన్ కనిపించిన ప్రతిచోటా ఆగి వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, సిగ్గేం లేదు.

పేరు మీద చర్చ జూన్ 9న మొదలై 20న తేలింది. పదకొండు రోజులు, మొత్తం నలుగురం. పోట్లాట కాదు, అక్కడ అందరూ గారు అనే పిలుచుకుంటారు, గారు అంటూనే కోసేస్తారు. ఒకాయన వాదన, అప్పటి తెలుగు పేపర్లన్నీ అల్లర్లనే రాశాయి, జనానికి తెలిసిన మాట అదే అని. నేను రెండు రాత్రులు పాత వార్తలు తవ్వా. సగం లింకులు చచ్చిపోయాయి, పాత వెబ్ పేజీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్‌లో వెతికితే కొన్ని దొరికాయి. చూస్తే రెండు మాటలూ ఉన్నాయి, ఒకే వార్తలో పైన ఆందోళనలు, కింద అల్లర్లు. అవి తీసుకెళ్ళి చర్చలో పెట్టా. మూడు రోజులు ఎవరూ పలకలా. అందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాసేవాళ్ళే, నాలాగే. ఆ మూడు రోజులు నేను ఆఫీసు మీటింగుల్లో కూడా గంట గుర్తు చూస్తూ కూర్చున్నా, మా లీడ్ ఒకసారి అడిగింది కూడా, ఏమ్మా పెళ్ళి సంబంధం ఏమైనా నడుస్తోందా అని.

తర్వాత అల్లర్లే ఉండాలన్న ఆయన ఒక ప్రశ్న వేశారు, దానికి నా దగ్గర జవాబు లేదు. "అల్లర్లు అనొద్దంటున్నారు సరే, తగలబడినవి మీ వ్యాసంలో ఎక్కడున్నాయి?" అని. తిరిగి చదువుకున్నా. పోలీస్ స్టేషన్ తగలబడింది అని ఒక్క వాక్యం. కర్ఫ్యూలు లేవు, నేషనల్ గార్డ్ సైన్యం లేదు, లూటీ అయిన కొట్లు లేవు. వంద నుంచి రెండు వందల కోట్ల డాలర్ల దాకా బీమా నష్టం అని అంచనా ఉంది, అది నేను చదివి కూడా వదిలేశా. కావాలని వదల్లేదు అని నాకు నేను చెప్పుకున్నా గానీ, కావాలనే వదిలా, ఎక్కడో లోపల. పైగా మొదటి పేరాలో "ప్రపంచమంతా కన్నీరు పెట్టింది" అని రాశా, పెట్టింది నేను.

కూర్చుని "హింస, ఆస్తి నష్టం" అని విభాగం రాశా. దాని పక్కనే, ఆ వేసవిలో జరిగిన ప్రదర్శనల్లో 93 శాతానికి పైగా శాంతియుతంగా జరిగాయన్న, ఘర్షణల లెక్కలు తీసే ఆక్లెడ్ సంస్థ లెక్క కూడా పెట్టా. రెండూ మూలాలతో. అది చూశాక ఆయనే "నిరసనలు అనే పేరుకి నాకు అభ్యంతరం లేదు" అన్నారు. జూన్ 20 రాత్రి పేరు మారింది. ఎగిరి గంతేస్తాననుకున్నా గానీ ఆవలింత వచ్చింది.

"హత్య" అనే మాట మీద మాత్రం ఐదు నిమిషాల్లో తేలిపోయింది. 2021 ఏప్రిల్ 20న జ్యూరీ ఆ పోలీసుని దోషి అని తేల్చింది, జూన్‌లో 22న్నర ఏళ్ళ శిక్ష పడింది, ఇంగ్లీషు వికీలో కూడా తీర్పు తర్వాతే వ్యాసం పేరు హత్య అని మార్చారు. అందరం సరే అన్నాం. ఆ పోలీసు పేరు దగ్గర ఇంకాస్త పట్టింది, పేపర్లలో చౌవిన్, చావిన్ అని ఉంది, పలికేది షోవిన్ అని. షోవిన్ ఉంచి, మిగతా పేర్లతో వెతికినా అక్కడికే వచ్చేలా దారిమార్పులు పెట్టాం.

అన్నిటికంటే చెమటలు పట్టించింది, ఇంగ్లీషు రేస్‌కి వాడే జాతి అనే మాట. మన దగ్గర జాతి అంటే దేశం, జాతి అంటే కులం, కోపమొస్తే జాతి తక్కువ అని తిట్టు కూడా. వర్ణం అందామంటే వెంటనే చాతుర్వర్ణం గుర్తొస్తుంది. "జాతి న్యాయం" అని రాసి చూస్తే ఏదో కుల సంఘం వాళ్ళ కరపత్రంలా ఉంది. నల్లవాళ్ళు అనాలా, నల్లజాతీయులు అనాలా, ఆఫ్రికన్ అమెరికన్లు అనాలా? ఒకరాత్రి ఇది ఆలోచిస్తూ ఉంటే అమ్మ ఫోన్, సంబంధాల వాళ్ళకి పంపడానికి నా బయోడేటా దిద్దుతోంది. అందులో రంగు అని గడి ఉంది. "చామనఛాయ అని రాశాలే" అంది, నన్నేదో కాపాడినట్టు. నేను చామనఛాయ కాదు, నలుపే. ఏం చెప్పాలో తోచక సరే అన్నా. వ్యాసంలో చివరికి నల్లజాతీయులు అనే ఉంచాం, నాకు పూర్తిగా నచ్చలా, ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే చర్చ పేజీలో పెట్టండి.

ఒక్క వాక్యం కోసం మాత్రం నేను గట్టిగా నిలబడ్డా. ఫ్లాయిడ్ ఆ రోజు ఇరవైసార్లకి పైగా అన్న మాట. నేను "ఊపిరాడట్లేదు" అని రాశా. ఎవరో వచ్చి "నేను శ్వాస తీసుకోలేకపోతున్నాను" అని మార్చారు, విజ్ఞాన సర్వస్వంలో వాడుక మాట బాగోదని. మార్చాను, మళ్ళీ మార్చారు, మళ్ళీ మార్చబోయి ఆగా, అలా ఒకరిదొకరు తిప్పుకుంటూ పోతే ఇద్దరినీ ఆపేస్తారు. చర్చలో రాశా: గొంతు మీద బరువుంటే ఎవరికైనా అంత పొడుగు వాక్యం వస్తుందా అండీ, ఒకసారి పైకి అని చూడండి, అని. మర్నాడు వాళ్ళే వెనక్కి మార్చి "నిజమే గారూ" అని రాశారు. ఆ రెండు మాటల్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

ఓడిపోయింది ఇంకోటుంది. ఇతర దేశాల్లో అనే విభాగంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2020 జూన్ 7న బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని పీకి నీళ్ళలో తోసింది రాశాక, కింద బెంగళూరు గురించి రెండు వాక్యాలు రాశా. 2016లో ఇక్కడ టాంజానియా విద్యార్థిని మీద గుంపు దాడి చేసింది. 2021 ఆగస్టులో కాంగో నుంచి వచ్చిన ఒక యువకుడు పోలీసు కస్టడీలో చనిపోతే ఇక్కడున్న ఆఫ్రికా వాళ్ళు స్టేషన్ ముందు కూర్చున్నారు, లాఠీలతో కొట్టి చెదరగొట్టారు. రెండూ జరిగినవే, రెంటికీ వార్తలున్నాయి. అరగంటలో తీసేశారు, "సొంత పరిశోధన" అని. చర్చలో ఒకటే ప్రశ్న, "ఈ రెంటికీ, ఆ నిరసనలకీ ముడి ఉందని మీరు కాక ఇంకెవరు రాశారు?"

కోపమొచ్చింది. మా ఇంటి ఓనరు గారు పై పోర్షన్ ఖాళీగా పెట్టుకుని, ఇల్లు అడగడానికొచ్చిన నైజీరియా కుర్రాడితో నిండిపోయిందని చెప్పడం నేను మెట్ల మీద నిలబడి విన్నా, అతను మెల్లిగా థాంక్స్ చెప్పి గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళాడు. ముడి లేదంటారేంటి? కానీ మెట్ల మీద విన్నదానికి లింకు ఎక్కణ్ణుంచి తేను. రెండు రోజులు అలిగి వికీ తెరవలా. తర్వాత అదే మనిషి రాశారు, కావాలంటే ఆ కాంగో యువకుడి సంఘటన మీద విడిగా వ్యాసం రాయండి, మూలాలు అక్కడ పనికొస్తాయి అని.

ఖర్చు అడిగేవాళ్ళకి: కీబోర్డు 700, ఒక విదేశీ పత్రిక చందా 325, అది ఆపడం మర్చిపోయినందుకు ఇంకో 325, కళ్ళలో చుక్కల మందు 140. నిద్ర సంగతి లెక్కెయ్యలా.

జూలై 6కి వ్యాసం కుదురుకుంది, వారంగా ఎవరూ పెద్దగా ముట్టుకోలా. అక్కకి చూపించా. మొత్తం చదివి "బాగా రాశావే" అని, నోట్సులో మాత్రం అల్లర్లు అన్న పాత మాట అలాగే ఉంచింది. అదేంటక్కా అంటే, "బిట్ బ్యాంకులో అల్లర్లనే ఉంది, పరీక్షలో ఆప్షన్ అదే ఇస్తే నువ్వొచ్చి మార్కు వేస్తావా?" అంది.

బెంగళూరు వ్యాసం నా ప్రయోగశాలలో (వికీలో చిత్తు రాసుకునే పేజీ) ఉంది, ఇప్పటికి నాలుగు వాక్యాలు. ఆన్‌లైన్ లింకే ఉండాలని లేదు, అచ్చు పేపరైతే తేదీ, పేజీ నంబరు ఇచ్చినా ఒప్పుకుంటారట, ఇది నాకు కొత్త. కన్నడ పేపర్లు చూడాలి, అక్షరాలు మనవాటికి అక్కచెల్లెళ్ళే కాబట్టి కూడబలుక్కుని చదవగలను. శనివారం కబ్బన్ పార్కులో ఉన్న ఎర్ర లైబ్రరీకి వెళ్దామనుకుంటున్నా, 2021 ఆగస్టు మొదటి వారం పేపర్లు తీసి ఇస్తారో లేదో అడగాలి. అక్క కూడా వస్తానంది, అక్కడ ఫ్యాన్ కింద చదువుకోవచ్చని.